తొండానికి పెట్టిన బొట్టు

బొట్టు పెట్టమన్నది లోకనాథన్ సారే. ఈ ముక్క ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే ఆ తర్వాతి అయిదు రోజుల్లో గోడౌనులో ఎవరికి ఏం గుర్తున్నా, ఇది మాత్రం ఒక్కరికీ గుర్తులేకుండా పోయింది.

ఆయుధపూజ మధ్యాహ్నం. లాస్‌పేట దాటాక, ఎయిర్‌పోర్టు ప్రహరీకి అవతల ఉన్న రేకుల కప్పు గోడౌను. పాండిచ్చేరి అంగళ్ళలో సగానికి సబ్బులు, బిస్కెట్లు, నూనె, షాంపూలు అక్కడినుంచే పోతాయి. పదహారేళ్ళుగా అక్కడ పనిచేస్తున్న భాగ్యం, ఏటా చేసినట్టే, ఇత్తడి పళ్ళెంలో గంధం, కుంకుమ పట్టుకుని తూకం మిషనుకీ, తోపుడు బండ్లకీ, ఫోర్క్‌లిఫ్టుకీ బొట్లు పెట్టుకుంటూ వచ్చింది. గుమ్మడికాయ పగలగొట్టారు. బొరుగులు, శనగలు పంచారు. ఇక చేతులు కడుక్కుందామని ఆమె వెనుదిరిగితే మేనేజరు లోకనాథన్ పిలిచాడు.

"ఏందక్కా, మన కొత్త పిలగాడిని మరిచిపోతివి? వాడికీ పెట్టు."

వాడంటే ఇనప కంచె లోపలి యంత్రం. మనిషిన్నర ఎత్తు, పసుపుపచ్చ రంగు, మూడుచోట్ల వంగే ఒంటి చెయ్యి. దాని చివర ఎనిమిది రబ్బరు గిన్నెలు. చెక్క పాలెట్ మీద గుండెల ఎత్తున పేర్చి లారీలో వచ్చిన అట్టపెట్టెల్ని ఆ గిన్నెలతో పైనుంచి పీల్చి పట్టుకుని, ఒక్కొక్కటే ఎత్తి బెల్టు మీద పెడుతుంది. బెల్టు ఏ అంగడి పెట్టెను ఆ అంగడి గూట్లోకి తోస్తుంది. ఆఫీసులో దానికి ఏదో ఇంగ్లీషు పేరుంది. పనివాళ్ళు మాత్రం తొండం అంటారు. అది రాకముందు ఆ పని పన్నెండు మంది చేసేవాళ్ళు. ఇప్పుడు అయిదుగురు మిగిలారు. పాలెట్లకు చుట్టిన ప్లాస్టిక్ ఒలిచి లోపలికి తోయడం, తొండం పట్టులోంచి జారి చిరిగిన పెట్టెల్ని ఏరడం వాళ్ళ పని.

భాగ్యం స్టూలెక్కింది. తొండం అప్పుడు ఆగి, వంగి ఉంది. దాని మణికట్టు దగ్గర ఒక గుండ్రటి అద్దం ఉంది, పని చేస్తున్నప్పుడు పచ్చగా వెలుగుతుంది. చూస్తే కన్నులాగే ఉంటుంది. నొసలంటూ వేరే ఏదీ కనబడక, ఆ అద్దం నడిమధ్య గంధం రాసి, కుంకుమ అద్దింది. అందరూ నవ్వుతూ చప్పట్లు కొట్టారు. లోకనాథన్ ఫోనులో ఫొటో తీసి అక్కడికక్కడే మద్రాసు ఆఫీసుకు పంపించుకున్నాడు.

బొట్టు పెట్టిన పనిముట్టును మర్నాటిదాకా ముట్టుకోరు. దానికీ ఒక రోజు విశ్రాంతి ఉండాలని పెద్దలు పెట్టిన ఆచారం. చిన్న కత్తెరనైనా అలాగే వదిలేస్తారు. లోకనాథన్ మాత్రం ఫొటో అయిన అరగంటకే తొండాన్ని నడిపించాడు. దీపావళి సరుకు రెండు లారీలు బయట నిలబడి ఉన్నాయన్నాడు. భాగ్యానికి మనసు చివుక్కుమంది. ఆ గోడౌనులో మనసు చివుక్కుమనడానికి వేళాపాళా ఎక్కడుంది గనక!

మర్నాడు సెలవు. శుక్రవారం పొద్దున వానలో తడుస్తూ అందరూ పనికొచ్చారు.

వానలు మొదలైతే అట్టపెట్టెలు నెమ్మెక్కుతాయి. పైకి తెలియదు. భాగ్యం అరచేత్తో ఒక్క చరుపు చరిచి, వచ్చిన చప్పుడును బట్టి చెబుతుంది. పొడి పెట్టె టప్పుమంటుంది, నెమ్మెక్కింది తొప్పుమంటుంది. మనిషైతే అలాంటిదాన్ని అడుగున రెండు చేతులూ పెట్టి పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తుకుంటాడు. తొండానికి పైనుంచి పీల్చడమే తెలుసు. పైపొర ఊడి గిన్నెలకు అతుక్కుంటుంది, పెట్టె కిందపడి సరుకు చెల్లాచెదురవుతుంది. నెమ్ము పెట్టెలు పక్కన పెట్టండి, మేం చేత్తో వేస్తామని ఆమె అప్పటికే మూడుసార్లు చెప్పింది. "అదంతా కంప్యూటర్ చూసుకుంటాది, నువ్వు ప్లాస్టిక్ ఒలువు" అని లోకనాథన్ మూడుసార్లూ ఒకే జవాబిచ్చాడు.

పెట్టె పడినప్పుడల్లా ఎవరో ఒకరు కంచె లోపలికి వెళ్ళి ఏరాలి. కంచెకు గేటుంది. గేటుకు ఒక ఇనప నాలుక, ఆ నాలుక స్విచ్చిలో దూరి ఉన్నంతసేపే తొండం కదులుతుంది. గేటు తెరవగానే నాలుక బయటికొచ్చి యంత్రం దానంతట అదే ఆగిపోతుంది. మనిషి ప్రాణం కాపాడడానికి దాన్ని చేసినవాడు పెట్టిన ఏర్పాటు. మంచి ఏర్పాటే. కానీ ఆగిన తొండం మళ్ళీ మొదలవ్వాలంటే పది నిమిషాలు పడుతుంది. ఎన్నిసార్లు ఆగిందో గోడమీది బోర్డులో ఎర్ర అంకెల్లో వెలుగుతుంది, అదే అంకె మద్రాసులోనూ వెలుగుతుంది. ఆ అంకె పెరిగినప్పుడల్లా లోకనాథన్‌కు ఫోను వస్తుంది. అందుకని ఆయన నెల కిందట విడిగా ఇంకో నాలుక తెప్పించి స్విచ్చిలో దూర్చి, పైన నల్ల టేపు చుట్టించాడు. అప్పటినుంచి గేటు తెరిచినా తొండం ఆగదు. అది అటు తిరిగినప్పుడు మనిషి ఇటు దూరి, నాలుగు ప్యాకెట్లు ఏరుకుని, అది ఇటు తిరిగేలోపల బయటపడాలి. అయిదుగురూ రోజుకు పదీ పదిహేనుసార్లు అలా దూరి బయటపడుతూనే ఉన్నారు.

పదిగంటలప్పుడు షాంపూ పెట్టె ఒకటి చిరిగి, ప్యాకెట్లు పాలెట్ చుట్టూ చెల్లాచెదురై, కొన్ని పగిలి కారిపోయాయి.

"మునియా, ఎత్తు! సీక్రం ఎత్తు! ఆపొద్దు!" లోకనాథన్ బోర్డు కిందినుంచి కేకేశాడు.

మునియప్పన్ గేటు తీసుకుని లోపలికెళ్ళాడు. నలభై ఏళ్ళవాడు, ఒర్లియంపేటలో భాగ్యం ఉండే సందులోనే ఉంటాడు, ఆమెను సొంత అక్కకన్నా ఎక్కువగా చూస్తాడు. నేలమీద షాంపూ జారుడుగా ఉంది. లేవబోయి కాలు జారి, పాలెట్ మీది పెట్టెల వరసను పట్టుకున్నాడు. అదే క్షణంలో తొండం తిరిగొచ్చింది. దానికి పెట్టె కావాలి. పెట్టె మీద మనిషి చెయ్యుందో లేదో దానికి పట్టదు. నూనె పెట్టెల వరసకూ ఇనప చేతికీ మధ్య మునియప్పన్ కుడిచెయ్యి నలిగిపోయింది.

తొండాన్ని ఆపే ఎర్ర బటన్ గేటు పక్కన లేదు, పన్నెండు అడుగుల దూరంలో స్తంభానికి ఉంది. భాగ్యం పరిగెత్తి దాన్ని గుద్దింది. గోడౌనంతా మునియప్పన్ అరుపే.

లోకనాథన్ పరిగెత్తుకొచ్చాడు. వచ్చినవాడు మునియప్పన్ దగ్గరికి వెళ్ళలేదు. ముందు గేటు దగ్గరికి వెళ్ళాడు. నల్ల టేపు గోళ్ళతో బరబరా లాగేసి, ఆ దొంగ నాలుకను ఊడబెరికి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాతే "అయ్యో, అయ్యో, ఆంబులెన్సుకి ఫోను చెయ్యండి" అన్నాడు. భాగ్యం మునియప్పన్ తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని అదంతా చూసింది. అంత రక్తంలోనూ ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

శనివారం లోకనాథన్ ఆమెను తన గదిలోకి పిలిచి, కుర్చీ చూపించాడు. పదహారేళ్ళలో ఆ గదిలో ఆమెకు కుర్చీ వేయడం అదే మొదలు.

లోకనాథన్‌ది బాహూరు చెరువు కింద పొలాలున్న తెలుగు ఇల్లు. ఆయనకు అవసరం పడితే తెలుగు వస్తుంది, అధికారం చూపించాలంటే తమిళం వస్తుంది. ఆ రోజు తెలుగులో మొదలుపెట్టాడు.

"చూడక్కా, నీ తప్పని నేననలే. భక్తితో పెట్టినావు. కానీ కంట్లో కుంకం పడితే మనకే మండతాది గదా? మిషన్ కంట్లో నువ్వు కుంకం పెడితివి. దానికి చూపు ఆగిపోయె. మునియప్పన్ కనబడలే."

పచ్చగా వెలిగే ఆ అద్దం, దాని నడిమధ్య తన ఉంగరపు వేలు భాగ్యం కళ్ళముందు కదిలాయి.

"మీరు గదా సార్ పెట్టమంటిరి?" అంది.

"మిషన్‌కి పెట్టమంటి. కంట్లో పెట్టమంటినా?"

ఆయన ఒక కాగితం ముందుకు జరిపాడు. అంతా ఇంగ్లీషు. సోమవారం మద్రాసునుంచి వెట్రివేల్ అనే ఆఫీసరు విచారణకు వస్తున్నాడనీ, ఆయన ముందు దీనికింద సంతకం చేస్తే చాలనీ, ఎవరి పనీ పోకుండా తను చూసుకుంటాననీ చెప్పాడు.

"మరి ఆ గేటుకి పెట్టిన నాలుక..." అంది భాగ్యం.

లోకనాథన్ మొహం మారింది, భాషా మారింది. "ఏ నాలుక?" అన్నాడు తమిళంలో. "గేటు బాగానే ఉంది. పోయి చూసుకో. కాగితం నీ దగ్గరే ఉంచుకుని సోమవారం తీసుకురా."

ఆమె బయటికొచ్చి చూసుకుంది. గేటు నిజంగానే కొత్త పెళ్ళికొడుకులా శుభ్రంగా ఉంది. టేపు జిగురు కూడా ఎవరో కిరసనాయిలుతో తుడిచేశారు.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళింది. వరండాలో మునియప్పన్ భార్య పూంగావనం నేలమీద కూర్చుని ఉంది. భాగ్యాన్ని చూసి లేవలేదు. పక్కన ఆపిల్‌పండ్ల సంచి ఉంది.

"సారు వచ్చి పోయినాడక్కా" అంది ఎటో చూస్తూ. "అంతా చెప్పినాడు. నువ్వు దాని కండ్లకు కుంకం పూసినావంట గదా. నీకు ఏంటికక్కా అంత భక్తి? నా మొగుడి చెయ్యే దొరికెనా నీ పూజకి?"

ఒకే కొళాయి నీళ్ళు పట్టుకుని పదేళ్ళు బతికిన మనిషి ఆ మాటంది. భాగ్యం ఏడవలేదు. ఏడ్చే హక్కు కూడా తనకు లేదనిపించింది. లోపలికెళ్ళింది. మునియప్పన్ చెయ్యి మోచేతినుంచి వేళ్ళదాకా కట్టులో ఉంది. రెండుచోట్ల విరిగిందన్నారు, రెండు వేళ్ళు పనికొస్తాయో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. కళ్ళు తెరిచి ఆమెను చూడగానే అతను చేతి సంగతి ఎత్తలేదు.

"అక్కా, నేను కంచె దూకలే. గేటులోనే పోతిని. నువ్వు చూసినావు గదా?"

"కంచె దూకినావని ఎవురు చెప్పిరి?"

"అట్లనే రాసినారంట. గేటు తీస్తే మిషన్ ఆగిపోవాల గదా, ఆగలే అంటే నేను దూకినట్టే లెక్కంట. దూకినోడికి కంపెనీ ఏమీ చెయ్యదంట. మందూ లేదు, పనీ లేదు." కట్టు వైపు చూసుకున్నాడు. "ఈ చెయ్యి పెట్టుకుని నేను యాడికి పోయేదక్కా? నేను దూకలేదని ఒక్కరైనా చెప్పాల గదా."

"నేనుండా. చెప్తా" అంది భాగ్యం. అంది గానీ, బస్సులో ఒర్లియంపేటకు వస్తున్నంతసేపూ ఆమె మనసు ఆమెకే ఎదురుతిరిగింది. దూకలేదని నువ్వు చెప్పగలవు, సరే. కుంకుమ పెట్టింది నువ్వే కదా. నువ్వు నోరెత్తితే నీ వేలే నీకు అడ్డం వస్తుంది కదా. లోకనాథన్ అంత తేలిగ్గా ఆ కాగితాన్ని ఎందుకిచ్చాడో ఆమెకు అప్పుడర్థమైంది. తప్పు చేశానని నమ్మినవాళ్ళకన్నా నోరు లేనివాళ్ళు ఉండరు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు.

ఆదివారం కూడా పని పెట్టారు. తొండాన్ని అమ్మిన కంపెనీనుంచి కవిప్రియ అనే ఇంజనీరు వచ్చింది. ఇరవై అయిదేళ్ళుంటాయేమో, భుజాన సంచి, చేతిలో లాప్‌టాప్. నిచ్చెన పట్టుకోమని లోకనాథన్ భాగ్యాన్ని ఆమె దగ్గర వదిలి, లారీల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ పిల్ల నిచ్చెనెక్కి పైన ఏదో తుడిచింది, తీగలు లాగి చూసింది, లాప్‌టాప్‌లో బొమ్మలు వెనక్కీ ముందుకీ తిప్పింది. చివరికి భాగ్యం ఉండబట్టలేక తమిళంలో అడిగింది.

"దానికి చూపు వచ్చిందామ్మా?"

"చూపెక్కడికి పోయింది?"

"నేను కంట్లో కుంకుమ పెట్టాను కదా. దానివల్లే మనిషి కనబడలేదట."

కవిప్రియ తొండం మణికట్టు వైపు చూసింది. గంధం ఎండి పెచ్చులు కట్టి, ఎర్రగా ఇంకా అంటుకునే ఉంది. ఆ పిల్ల నవ్వబోయి, భాగ్యం మొహం చూసి ఆపుకుంది.

"అది కన్ను కాదమ్మా. అది లైటు. మిషన్ నడుస్తోందని మనకు తెలియడానికి పెట్టిన బల్బు, అంతే. కన్ను అదుగో, అక్కడుంది." వేలు పైకి చూపించింది. ఇనప దూలం మీద, మూడు నిలువుల ఎత్తున, చిన్న నల్ల పెట్టె. "ఆ రోజు కెమెరా బాగానే పనిచేసింది. నేను ఒక్కొక్క బొమ్మా చూశాను. దానికి పెట్టెలు గుర్తుపట్టడమే నేర్పించాం. మనుషుల్ని గుర్తుపట్టడం దాని పని కాదు. మనుషుల్ని చూసుకోవలసింది గేటు."

భాగ్యం నిచ్చెన వదిలేసి, కొంగున ముడివేసిన కాగితం తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. కవిప్రియ చదివింది. చదువుతుంటే ఆమె కనుబొమలు దగ్గరయ్యాయి.

"మీరు ఎవరికీ చెప్పకుండా, ఎవరి అనుమతీ లేకుండా యంత్రం కెమెరాకు కుంకుమ పూశారని ఉంది. మునియప్పన్ అనే ఆయన గేటు వాడకుండా కంచె దూకడం మీ కళ్ళతో చూశారని ఉంది."

"నేను చూశానని ఉందా?"

"మీరు చూశారనే ఉంది."

తన బొట్టు ఎవరినీ గుడ్డి చేయలేదన్న నెమ్మది భాగ్యానికి రావలసింది. రాలేదు. ఆమెకు కోపం వచ్చింది. నిన్నంతా తను పడ్డ నరకం, పూంగావనం తిప్పుకున్న మొహం, ఆ ఆపిల్‌పండ్లు, ఆ కుర్చీ, అన్నీ కలిసి భగ్గుమన్నాయి. లైటుకూ కంటికీ తేడా లోకనాథన్‌కు తెలియదా? తెలుసు. తెలిసే, పదహారేళ్ళు తన గోడౌనులో పళ్ళెం పట్టుకు తిరిగిన ఆడదాని భక్తిని తాడు పేనినట్టు పేని, ఆమె చేతులే కట్టేశాడు.

"నువ్వు ఈ మాట రాస్తావా అమ్మా?"

"రాస్తాను. కానీ నేను రాసింది మా ఆఫీసుకు పోతుంది. అక్కడినుంచి మీ ఆఫీసుకు ఏది పోతుందో నా చేతిలో లేదు." కవిప్రియ కాగితం మడిచి ఇచ్చేసింది. "గేటు మాత్రం ఇప్పుడు సరిగ్గా పనిచేస్తోంది. నేనే పరీక్షించాను. నేను చెప్పానని మాత్రం ఎవరితోనూ అనకండమ్మా, ఈ ఉద్యోగంలో చేరి ఏడు నెలలే అయింది." పన్నెండింటికి తొండాన్ని మళ్ళీ నడిపించి ఆమె వెళ్ళిపోయింది.

గేటు సరిగ్గా పనిచేసింది రెండు గంటలే. ఆ రెండు గంటల్లో బోర్డు మీది ఎర్ర అంకె తొమ్మిదికి చేరింది, లోకనాథన్ ఫోను నాలుగుసార్లు మోగింది. రెండింటికి ఒక ఎలక్ట్రీషియన్ వచ్చి, కంచె వెనక గోడకున్న తీగల పెట్టె తెరిచి పావుగంట ఏదో చేసి, మూత బిగించి పోయాడు. మూడింటికి బిస్కెట్ల పెట్టె చిరిగింది.

"సుగంధీ, ఎత్తు!" అన్నాడు లోకనాథన్.

సుగంధి వాళ్ళలో చిన్నది, చేరి ఏడాది కాలేదు. దొంగ నాలుక తీసేశారు కదా, గేటు తీస్తే ఆగుతుంది కదా అన్న ధైర్యంతో గేటు తీసి రెండడుగులు లోపలికి వేసింది. తొండం ఆగలేదు. ఆ పిల్ల చెవి పక్కనుంచి గాలి కొట్టుకుంటూ పోయింది. సుగంధి వెనక్కి పడి, మోచేతుల మీద పాకుతూ బయటికొచ్చింది. ఏడుపు కూడా రాక ఊరికే వగరుస్తోంది.

ఈసారి దొంగ నాలుక బయట కనబడేది కాదు. గోడకున్న తీగల పెట్టెలో రెండు తీగలు కలిపేశారు. చూడ్డానికి గేటు చక్కగా ఉంటుంది, ఫొటో తీసుకున్నా చక్కగానే పడుతుంది. మునియప్పన్ రక్తం కడిగిన తడి ఇంకా ఆరలేదు. ఒక మనిషి చెయ్యి పోతే, ఇంకో మనిషి చెయ్యి పోకుండా చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఈ పెద్దమనిషికి మాత్రం చేసిన మోసం కనబడకుండా చూడాలనిపించింది.

భాగ్యం సుగంధిని లేపి, కుండలోంచి నీళ్ళు ముంచి తాగించింది. నలుగురు ఆడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఈ పూటకి నేను పోతా లోపలికి. మీరెవురూ పోవద్దండి" అంది. సాయంత్రందాకా పెట్టె పడినప్పుడల్లా తనే దూరింది. దూరిన ప్రతిసారీ, ఆ ఇనప చెయ్యి వెనుదిరిగే లోపల ఉన్న ఆ కొద్దిపాటి సమయాన్ని ఊపిరితో కొలుచుకుంది. నాలుగు ఊపిర్లు, అంతే. అయిదోది దొరకదు.

సోమవారం పదకొండింటికి వెట్రివేల్ వచ్చాడు. మెడలో కార్డు, చంకలో ఫైలు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి. లోకనాథన్ ఆయనకు గేటు చూపించాడు. నాలుక, స్విచ్చి, హెచ్చరిక బోర్డు, అన్నీ ఒక్కొక్కటే చూపించాడు. ఆయన అన్నింటికీ ఫొటోలు తీసుకుని, పనివాళ్ళను కంచె ముందు నిలబెట్టి, భాగ్యం తెచ్చిచ్చిన కాగితాన్ని లోకనాథన్ అందిస్తే, అందులో ఉన్నది తమిళంలో చదివి వినిపించాడు. వెనక తొండం ఎత్తుతూ, తిరుగుతూ, దింపుతూనే ఉంది. వాన రేకుల మీద దంచుతోంది.

"గేటు తెరిస్తే యంత్రం దానంతట అదే ఆగుతుంది. ఆ రోజు ఆగలేదు కాబట్టి ఆయన గేటులోంచి వెళ్ళలేదని తేలుతోంది. భాగ్యం ఎవరమ్మా? మీరు చూశారట కదా, ఇక్కడ సంతకం చేయండి."

భాగ్యం ముందుకొచ్చింది. కాగితం తీసుకోలేదు.

"నేను చూశాను సార్. ఆయన దూకలేదు, గేటులోంచే వెళ్ళాడు. కుంకుమ నేను పెట్టింది లైటుకి, కంటికి కాదు. కన్ను పైనుంది" అంది తమిళంలో, అందరికీ వినబడేలా.

లోకనాథన్ నవ్వాడు. "వాళ్ళిద్దరిదీ ఒకే సందు సార్. అక్కాతమ్ముడు వరస పెట్టుకున్నారు. ఆమె ఇంకేం చెబుతుంది?"

వెట్రివేల్ పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీశాడు. ఎవరి మాట నమ్మాలో తెలియక కాదు, ఎవరి మాట రాయడం తేలికో ఆలోచిస్తున్నట్టుంది. అది చూసి భాగ్యానికి ఇంకాస్త మండింది. మండినా గొంతు పెంచలేదు. లోకనాథన్ వైపు తిరిగి, ఆయన సొంత ఇంటి భాషలో, తెలుగులో అంది.

"సార్, మునియప్పన్ యాడ నిలబడినాడో ఆఫీసరుకి చూపించండి. గేటు తీసి లోపలికి పోయి చూపించండి. తీస్తే ఆగిపోతాది గదా?"

"ఏమంటోంది?" అన్నాడు వెట్రివేల్. సుగంధి తమిళంలో చెప్పింది.

"సరే, ఆ చోటు ఫొటో నాకూ కావాలి" అన్నాడాయన ఫోను తీస్తూ. "లోపల నిలబడి చూపించండి లోకనాథన్."

లోకనాథన్ బూట్లవైపు చూసుకున్నాడు. "బయటినుంచి కనబడుతుంది కదా సార్" అన్నాడు. "లోపల జారుడుగా ఉంది" అన్నాడు. వెట్రివేల్ ఫోను అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

లోకనాథన్ గేటు దగ్గరికి నడిచాడు. గొళ్ళెం మీద చెయ్యి వేశాడు. తొండం అటు తిరిగి బెల్టు మీద పెట్టె దించి, ఇటు తిరిగింది. పెట్టె ఎత్తుకుని అటు పోయింది. మళ్ళీ వచ్చింది. ఆయన చెయ్యి గొళ్ళెం మీదే ఉంది. నలుగురు ఆడవాళ్ళూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఒక్కరూ నవ్వలేదు. సోమవారం నాటి బోర్డు మీద అంకె సున్నా, ఒక్కసారి కూడా ఆగలేదు. మూడోసారి తొండం ఇటు తిరిగేసరికి ఆయన నొసట చెమట పట్టింది. గొళ్ళెం వదిలేశాడు. వెనక్కి తిరిగి, గబగబా పన్నెండు అడుగులూ నడిచి, స్తంభానికున్న ఎర్ర బటన్ నొక్కాడు.

తొండం పెట్టెను పట్టుకున్నది పట్టుకున్నట్టే గాల్లో ఆగిపోయింది. బెల్టు ఆగింది. బోర్డు మీద సున్నా పోయి ఒకటి వెలిగింది. గోడౌనులో వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. లోకనాథన్ వెనక్కొచ్చి, గేటు తీసుకుని లోపలికెళ్ళి, మునియప్పన్ పడిన చోట నిలబడ్డాడు.

వెట్రివేల్ ఫొటో తీయలేదు.

"ఎందుకు ఆపారు?" అన్నాడు నెమ్మదిగా.

"సేఫ్టీకి సార్."

"గేటు తెరిస్తే ఆగుతుందని ఇప్పుడే కదా చెప్పారు."

లోకనాథన్ ఏదో అనబోయాడు, తెలుగా, తమిళమా, ఇంగ్లీషా, ఏ భాషా నోటికి రాలేదు. అంతమంది ముందు, ఆ కంచె మధ్యలో, ఒక్కడే నిలబడిపోయాడు.

వెట్రివేల్ చేతిలోని కాగితాన్ని ఫైలు కింద పెట్టి, ఖాళీ కాగితం ఒకటి పైకి తీసుకుని, భాగ్యం వైపు తిరిగాడు.

"మీరు చెప్పండమ్మా, ఏం రాయమంటారు?"

భాగ్యం చేతులు చీరకు తుడుచుకుంది. తమిళంలో, ఆయన పెన్ను అందుకోగలిగేంత నిదానంగా చెప్పింది.

"మునియప్పన్ లోపలికి పోయినప్పుడు మిషన్ ఎవరూ ఆపలేదు. ఆపొద్దన్నారు. సారు లోపలికి పోవలసి వచ్చినప్పుడు, సారే ఆపుకుని పోయారు. ఈ రెండూ రాయండి సార్. దానికింద నేను సంతకం చేస్తాను."